ట్యూబు ఎవరిది, టికెట్ ఎవరిది?



వారం రోజులుగా మన గ్రూపులో ఒకటే వీడియో తిరుగుతోంది. న్యూజిలాండ్‌లో గుహ లోపల పారే ఏటి మీద, తలకి లైటు హెల్మెట్ పెట్టుకుని, గాలి ట్యూబుల్లో కూర్చుని జనం తేలిపోతున్నారు. ముందు గైడు, పైన కప్పు నిండా మిణుగురుల్లాంటి పురుగుల వెలుగు. కింద మనవాళ్ల కామెంట్లు: "మన బొర్రాకి ఇది ఎప్పుడొస్తుంది అన్నా? గుహ ఉంది, గోస్తని ఉంది, ఇంకేం కావాలి?"

దీని మీద మా హాస్టల్ రూములో అర్ధరాత్రి దాకా వాదులాడుకున్నాం. చివరికి అందరం ఒప్పుకున్న మాట రాస్తున్నాం.

ఆ ఊరు వైటోమో. 1887లో అక్కడి మావోరి పెద్ద తానే టినోరౌ ఒక ఇంగ్లీషు సర్వేయరుతో కలిసి తెప్ప మీద గుహలోకి వెళ్లాడు. 1889 నుంచి తనే జనాన్ని తీసుకెళ్లి చూపించాడు. 1906లో ప్రభుత్వం గుహని లాగేసుకుంది. 1989లో భూమినీ గుహనీ ఆయన వారసులకే తిరిగిచ్చింది. ఇప్పుడు ఆదాయంలో వాళ్లకి వాటా ఉంది, నిర్వహణలో మాట చెల్లుతుంది. ట్యూబులు తేలేది ఆ పక్కనున్న ఇంకో గుహలోలెండి. కానీ ఎనభై మూడేళ్ల ఈ కథ ఏ వీడియోలోనూ కనబడదు.

మరి మన బొర్రా? "1807లో జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ జార్జ్ కనుగొన్నాడు" అని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో! పుట్టని ఆఫీసులో పనిచేసిన దొరేమో చరిత్ర అయ్యాడు. కప్పు కన్నంలోంచి పడిపోయిన ఆవుని వెతుక్కుంటూ దిగిన పశులకాపరేమో కట్టుకథ అయ్యాడు.

"ఉపాధి వస్తుంది కదా" అంటున్నారు. ఏ ఉపాధి తమ్ముడూ? ట్యూబుకి గాలి కొట్టేదీ, ఒడ్డు దాకా మోసేదీ, బొంగు చికెన్ కాల్చేదీ మనం. టికెట్ డబ్బు లెక్కపెట్టేది ఇంకొకడు. మేం టూరిజానికి అడ్డం కాదు. వానాకాలం గోస్తని ఎప్పుడు పొంగుతుందో కొండ మీద మబ్బు చూసి చెప్పగలిగేది మనవాళ్లే. వాళ్లు కూలీలుగా కాదు, యజమానులుగా ఉండాలంటున్నాం.

అది జరగని పని కాదు. బొర్రా చుట్టుపక్కల ఊళ్ల మైనింగ్ లీజుల మీదే 1997లో సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకి భూమి లీజుకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. మైనింగ్ అయినా సరే గిరిజనుల సొసైటీలు చేసుకోవచ్చంది. గని నడపగల సొసైటీ గుహలో ట్యూబులు నడపలేదా? 2025లో టూరిజం కోసం 1/70 చట్టాన్ని సడలించాలన్న మాట పైనుంచి వచ్చినప్పుడు ఏజెన్సీ అంతా బంద్ చేశాం. ఆ కోపం అప్పుడే చల్లారిపోయిందా?

ఇంకోటి, చేదుగా ఉన్నా చెప్పాలి. బయటివాడి రిసార్టుకి తన పేరు అరువిచ్చే మనవాడు కూడా ఉన్నాడు. వాడి మీద ఈ గ్రూపులో ఒక్క పోస్టూ పడదు, ఎందుకంటే వాడు ఎవరికో ఒకరికి బావో మామో అవుతాడు.

అనంతగిరి మండలం తమ్ముళ్లూ చెల్లెళ్లూ, టూరిజం గురించి మీ గ్రామసభలో ఎప్పుడైనా తీర్మానం చేసుంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. లేకపోతే లేదనే రాయండి. సెలవులకి ఊరొచ్చినప్పుడు సభ పెట్టమని సర్పంచ్‌ని కలిసి అడుగుదాం.