ఇంపోర్ట్ సక్సెస్ అట... తాళం మాత్రం తప్పింది!

సాఫ్ట్‌వేర్ లోకంలో అస్సలు నమ్మకూడని వాక్యం ఏదైనా ఉందంటే అది "ఇంపోర్ట్ విజయవంతంగా పూర్తయింది" అన్నదే అని నా గట్టి అభిప్రాయం. ఫైలు తెరుచుకుంది, ఎర్రర్ రాలేదు, కాబట్టి విజయం! లోపలున్న సరుకు చేరిందా లేదా అన్నది ఎవడికీ పట్టదు. బ్యాంకు డేటా విషయంలో ఇలా చేస్తే క్లయింటు ఊరుకోడు. సంగీతం విషయంలో మాత్రం అందరూ ఊరుకుంటున్నారు. నా గొడవంతా ఇక్కడే.

ఈ రంగం తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. సినిమా పాట ఒకసారి మొదలైతే చివరిదాకా ఒకే దారిన పోతుంది. వీడియో గేములో అలా కుదరదు. ఆడేవాడు అడవిలో తిరుగుతున్నంతసేపు ఒక బాణీ, శత్రువు కనిపించగానే ఇంకోటి. ఎప్పుడు మారాలో ముందే తెలీదు, మారినా తాళం తప్పకూడదు. 1991లో లూకాస్‌ఆర్ట్స్ వాళ్ళు మంకీ ఐలాండ్ రెండో భాగంలో ఐమ్యూజ్ అనే పద్ధతితో ఈ పని చేసి చూపించారు. మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌కానెల్ అనే ఇద్దరు తయారుచేశారు దాన్ని. ఇప్పుడు ఈ పనికి వైజ్, ఎఫ్‌మాడ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. సంగీత దర్శకుడు తన దగ్గరున్న సాఫ్ట్‌వేర్లో కట్టిన బాణీని తెచ్చి ఇలాంటి దాంట్లోకి ఇంపోర్ట్ చెయ్యాలి. అసలు తిప్పలన్నీ ఈ గుమ్మం దగ్గరే.

మా బాబాయి కొడుకు ఒకడు ఒక చిన్న గేముకి సంగీతం కట్టాడు. 90 టెంపో, నాలుగు దెబ్బల తాళం, మూడు పొరలు. విడివిడిగా వింటే అద్భుతం. గేములో పెడితే ఒక పొర నుంచి ఇంకో పొరకి మారిన ప్రతిసారీ ఎవరో వెనకనుంచి తోసినట్టు తాళం దెబ్బతింటోంది. గేము చేయిస్తున్న వాళ్ళ జవాబు ఏంటో తెలుసా? "మీ ఫైల్లోనే ఏదో తేడా ఉంది, మా దగ్గర ఇంపోర్ట్ సక్సెస్ అయింది." వారం రోజులు వాడు అదే బాణీని మళ్ళీ మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేస్తూ కూర్చున్నాడు. ఆ వారానికి డబ్బులు కూడా ఇవ్వలేదు.

తర్వాత నేను కూర్చుని చూస్తే తేలింది ఇదీ. వాడు పంపిన ఆడియో ఫైళ్ళలో టెంపో సమాచారం లేదు. అది పక్కనే ఇచ్చిన మిడి ఫైల్లో ఉంది. ఇంపోర్ట్ చేసినప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ మిడి ఫైల్ని చూడనే లేదు, తనంతట తనే 120 అని రాసేసుకుంది. లెక్క వేసుకోండి. 90 టెంపోలో ఒక బారు 2.67 సెకన్లు, 120లో 2 సెకన్లు. "తర్వాతి బారు దగ్గర మారు" అని చెబితే అది 2 సెకన్లకే మారుతుంది, అంటే నాలుగో దెబ్బ పడకుండానే. ఆడియో మాత్రం దాని వేగంలో అది వాయిస్తుంది కాబట్టి విడిగా వింటే తప్పు దొరకదు! ఇందులో మావాడి తప్పు ఏముందండీ?

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మీ ఇళ్ళల్లో కీబోర్డు వాయించే పిల్లలుంటే పనికొస్తాయి, రాసిపెట్టుకోండి.

1. శాంపిల్ రేటు: 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసింది మార్చకుండా 48 అనుకుని వాయిస్తే శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. నాలుగు నిమిషాల పాట 220 సెకన్లలో అయిపోతుంది.

2. గమకం: మన వాళ్ళకి ఇది ముఖ్యం. మిడిలో జారు, కంపితం లాంటివన్నీ పిచ్ బెండ్‌గా నమోదవుతాయి. అందులో 16384 మెట్లు ఉంటాయి గానీ, మొత్తం ఎన్ని స్వరస్థానాల మేర అన్నది వేరే సందేశంలో వస్తుంది. మామూలుగా అటూ ఇటూ 2. మీరు 12 పెట్టుకుని వాయించారనుకోండి, ఇంపోర్ట్‌లో ఆ సందేశం రాలిపోతే 4 స్వరస్థానాల జారు ఒక్క స్వరస్థానం కూడా ఉండదు. నోట్లన్నీ ఉంటాయి, రాగం ఉండదు!

3. ఎంపీ3 లూపులు: ఎంపీ3 చేసేటప్పుడు ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం చేరుతుంది. లూప్ తిరిగిన ప్రతిసారీ చిన్న ఎక్కిలి. దీనికి వేవ్ ఫైలే వాడాలి.

4. తోక: చివరి దెబ్బ మోత బారు దాటి కూడా వినపడుతుంది. సరిగ్గా బారు దగ్గర కత్తిరిస్తే పీక నొక్కినట్టు ఉంటుంది. ఇంటరాక్టివ్ సాఫ్ట్‌వేర్లో ఎగ్జిట్ గుర్తు బారు దగ్గర పెట్టి, ఆడియో మాత్రం తోకతో సహా ఉంచాలి.

ఏది తప్పిందో పట్టుకోవడానికి ఒక చిన్న చిట్కా. బాణీతో పాటు ఒక పరీక్ష ఫైలు కూడా పంపండి, మొదటి బారు మొదట్లో ఒక చప్పట, 17వ బారు మొదట్లో ఒక చప్పట. 90 టెంపోలో రెండోది 42.67 సెకన్ల దగ్గర వినపడాలి. 39.2 దగ్గర వినపడితే శాంపిల్ రేటు గొడవ. చప్పట సరిగ్గానే పడి, సాఫ్ట్‌వేర్ చూపించే 17వ బారు గీత మాత్రం 32 సెకన్ల దగ్గర ఉంటే టెంపో గొడవ. అయిదు నిమిషాల పని.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ చప్పట్లు కొట్టి చూసుకోవాల్సింది సంగీతకారుడా? ఫైల్లో ఏముందో, తను ఏం తీసుకుందో, ఏం వదిలేసిందో సాఫ్ట్‌వేర్‌కి తెలుసు కదా! తెలిసీ నోరు మూసుకోవడాన్ని ఏమంటారు?

దీనికి మన ఇంజనీర్లు చెప్పే జవాబు నాకు తెలుసు. "ఒక్కో సాఫ్ట్‌వేర్ డేటా మోడల్ ఒక్కోలా ఉంటుంది, అన్నీ మార్చడం అసాధ్యం" అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. ఒకడి ప్లగిన్ ఇంకోడి దగ్గర ఉండదు. నేను అన్నీ మార్చమనడం లేదు మహాప్రభో, మార్చనివి చెప్పమంటున్నాను. మనం ఏదైనా కంపెనీకి పది లక్షల రికార్డులు మైగ్రేట్ చేస్తే ఎన్ని వచ్చాయి, ఎన్ని చేరాయి, ఎన్ని తిరగ్గొట్టాం అని లెక్క అప్పజెబుతాం. రిజెక్ట్ ఫైలు ఇవ్వకపోతే సంతకమే పెట్టరు. "టెంపో దొరకలేదు, 120 అనుకున్నాను" అని ఒక్క లైను చూపించడం అంత కష్టమా? ఆ లైను ఉంటే మావాడి వారం మిగిలేది.

ఇంకో జవాబు సంగీతం వాళ్ళ నుంచే వస్తుంది. "ప్రాజెక్టులూ గీజెక్టులూ ఎందుకు, ఒక్కో ట్రాకూ ఆడియో చేసి ఇచ్చెయ్" అని. ఈ రోజుకి క్షేమమైన దారి అదే, కాదనను. కానీ అది ఎక్సెల్ అడిగితే ప్రింటవుట్ ఇచ్చినట్టు. రేపు ఒక్క స్వరం మార్చాలంటే మళ్ళీ మొదటికి రావాలి. పైగా మావాడు ఇచ్చింది కూడా ఆడియోనే, చూశారుగా ఏమైందో!

పరిస్థితి పూర్తిగా చీకటి అని కూడా అనను. 2023లో బిట్‌విగ్, ప్రీసోనస్ కంపెనీలు కలిసి డాప్రాజెక్ట్ అనే బహిరంగ ఫార్మాట్ విడుదల చేశాయి. విప్పి చూస్తే జిప్ లోపల ఎక్సెమ్మెల్, అంతే. మన లాంటి వాళ్ళం ఎవరైనా చదవొచ్చు. మిడి 1983లో వచ్చింది, దాని ఫైలు ఫార్మాట్ 1988లో. అంటే నోట్లు పంచుకోవడం అప్పుడే నేర్చుకున్నవాళ్ళకి ప్రాజెక్టు పంచుకునే ఇలాంటి దారి వెయ్యడానికి ఇంకో ముప్పై అయిదేళ్ళు పట్టింది. అది కూడా అందరూ వాడితేనే ఉపయోగం.

కాబట్టి కోడు రాసే మిత్రులారా, మీలో ఎవరైనా ఇంపోర్ట్ మీద పని చేస్తుంటే ఒక్కటే విన్నపం. ఆ పచ్చ టిక్కు మార్కు పెట్టేముందు కింద రెండు లైన్లు రాయండి: ఏం వదిలేశాం, ఏం ఊహించుకున్నాం. అవతల కూర్చున్నవాడికి మన లాగ్ ఫైళ్ళు చదవడం రాదు. వాడికి తెలిసిందల్లా తన పాట తనలా వినపడటం లేదని. దానికి "మీ ఫైల్లోనే తేడా" అనే హక్కు, వదిలేసినవాటి లెక్క చెప్పని వాళ్ళకి లేదు.

ఏవంటారు?