వ్రేలిముద్రకు తాళము

2018 జూన్‌లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వర్తకుడొకడు పట్టుబడెను. ప్రభుత్వ వెబ్‌సైటులోని స్థిరాస్తి దస్తావేజుల నుండి వ్రేలిముద్రలు దించి, రబ్బరు అచ్చులు చేసి, పరుల ఆధార్‌పై వేలకొలది సిమ్ కార్డులు తెరచెనని పోలీసులు తెలిపిరి. 2023లో మన కర్ణాటకములోనే, ఆస్తి రిజిస్టరు చేయించుకొన్న పలువురి బ్యాంకు ఖాతాల నుండి వ్రేలిముద్ర చెల్లింపుల ద్వారా సొమ్ము పోయెను. ఆ చెల్లింపునకు ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వ్రేలిముద్ర చాలును, ఓటీపీ అక్కరలేదు.

దుకాణపు తాళపుచెవి పోయినచో తాళము మార్చుకొందుము. వ్రేలిని మార్చుకొనగలమా?

ఆధార్ సంస్థ బయోమెట్రిక్ లాకు ఏర్పరచినది గాని, అది మనము కోరిననే పడును. తాళము ముందుగనే వేసియుండి, యజమాని కోరిననే తెరువబడుట న్యాయమని మా అభిప్రాయము. వ్రేలిముద్రతో పింఛను తీసికొను వృద్ధులకు ఇబ్బంది కలుగునని కొందరందురు. అట్టివారికి బ్యాంకువారే అడిగి తెరచి ఇయ్యవచ్చును.

బీదరులో తరతరములుగా ఇండ్లు, పొలములు కొనిన మన కుటుంబముల వ్రేలిముద్రలు దస్తావేజులలో నున్నవి. చట్టము మారువరకు వేచియుండక, చదువుకొన్న పిల్లలు ఈ వారమే ఇంటి పెద్దలను అడిగి, వారి ఆధార్‌కు లాకు వేసి, తెరచు విధము వారికి నేర్పవలెనని కోరుచున్నాము.