నిమిషానికి 45 మాటలు

రెండో తరగతి అయిపోయేసరికి పిల్లలు ముందెన్నడూ చూడని పాఠాన్ని నిమిషానికి 45 నుంచి 60 మాటల చొప్పున, తప్పుల్లేకుండా, అర్థం చేసుకుంటూ చదవాలట. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం పెట్టిన లక్ష్యం ఇది. దేశమంతటికీ ఒకే కొలత ఉంటేనే వెనకబడ్డవాళ్లెవరో తేలుతుందని దీన్ని సమర్థించేవాళ్లు అంటారు. సరే, ఆ కొలతలో మాట అంటే ఎంత?

'ఇంట్లోంచి వెళ్లిపోతున్నాడు.' తెలుగులో రెండు మాటలు. ఇదే హిందీలో 'ఘర్ కే అందర్ సే చలా జా రహా హై'. ఎనిమిది! సంగతి ఒకటే, మార్కులు మాత్రం మనకి రెండు, వాళ్లకి ఎనిమిది. అన్ని వాక్యాల్లోనూ ఇంత తేడా రాదు, కావాలనే పెద్ద ఉదాహరణ ఎంచుకున్నాను. కానీ విభక్తుల్నీ సహాయక్రియల్నీ మాటలోనే కలిపేసుకునే భాషకు ఈ లెక్కలో నష్టం తప్పదు. పైగా 'ట్లోం' చూడండి. ట, దాని కింద ల ఒత్తు, పైన ఓత్వం, పక్కన సున్నా. ఏడేళ్ల పిల్ల ఈ నాలుగింటినీ ఒక్క చూపులో పట్టుకోవాలి. అక్కడ ఆమె రెండు క్షణాలు ఆగితే మందబుద్ధి అనేద్దామా?

ఈ చిక్కు పైవాళ్లకు తెలియనిది కాదు. 2022లో జరిపిన అధ్యయనంలో ఎన్‌సీఈఆర్‌టీ ఒక్కో భాషకు విడివిడిగా ప్రమాణాలు కట్టింది. అయినా అందరి నోటా నానేది ఆ 45 అంకే.

ఇక మన్యంలో సవర పిల్లవాడి సంగతి. ఇంట్లో సవర, బడిలో తెలుగు. వాడు మెల్లగా చదివితే గడియారం కొలిచేది వాడి చదువునా, ఇంటికీ బడికీ మధ్యనున్న దూరాన్నా?

అసలు కొలవొద్దని నేననడం లేదు. 2005 నుంచి అసర్ సర్వేవాళ్లు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, అయిదో తరగతి పిల్లల్లో చాలామంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని చూపించకపోతే మనం నిద్రలేచేవాళ్లం కాదు. అయితే వాళ్లు గడియారం పెట్టి చదివించలేదు, ఏ పిల్ల మీదా ముద్ర వేయలేదు. ఆ లెక్క నిలదీసింది ప్రభుత్వాన్ని.

ఇప్పుడు స్టాప్‌వాచ్ నొక్కేది తరగతి గదిలో, పిల్ల ముందే. తప్పు చదివానని తట్టి, వెనక్కొచ్చి దిద్దుకున్న పిల్లకు సెకన్లు పోతాయి. దిద్దుకోకుండా గబగబా దాటేసినవాడు తప్పుకు ఒక మాట పోగొట్టుకున్నా లెక్కలో ముందుంటాడు. నా మటుకు నాకు ఆ వెనక్కొచ్చిన పిల్లే చదవడం వచ్చిన పిల్ల.

మీ అమ్మాయి నిమిషానికి 30 మాటలే చదువుతోందని రేపు బడిలో చెబితే కంగారుపడకండి. ఏ పాఠం చదివించారో చూపించమనండి. అందులో 'ఇంట్లోంచి' లాంటి మాటలు ఎన్నున్నాయో అక్కడే కూర్చుని లెక్కపెట్టండి.