దీపముండగానే మగ్గము చక్కబెట్టుకొందము

మన సంఘములలో సర్వసభ్య సమావేశము జరిగినపుడెల్ల మూడు సంగతులు తప్పక చర్చకు వచ్చును. కూలి చాలుట లేదు, నూలు వేళకు అందుట లేదు, మరమగ్గపు సరకు చేనేత పేరుతో అమ్ముడుపోవుచున్నది. ఈ మూడును నిజములే. వీటిని గూర్చి ఈ పత్రికలో ఎన్నియో పర్యాయములు వ్రాసినాము, ఇక మీదట కూడ వ్రాయుదుము. కాని నాల్గవ సంగతి ఒకటి కలదు. దానిని గూర్చి ఏ సమావేశములోను ఎవరును నోరు మెదపరు, ఏలయన అది మన ఇంటిలోని సంగతి. ఉదయము మగ్గమెక్కుటకు మన ఇండ్లలో జరుగు ఆలస్యమే అది. దానికి విరుగుడు ముందునాటి సాయంకాలములో ఉన్నదని మా అభిప్రాయము.

మేము సంఘపు పని మీద ప్రొద్దున ఏడు గంటలకు మగ్గముల వీధిలో తిరుగుచుందుము. నేతకు అంతకంటె మంచి వేళ లేదు. వెలుతురు చక్కగా ఉండును, ఎండ ముదరదు, గాలిలో ఇంకను తేమ ఉండుటచేత నూలు పోగు తెగక మెత్తగా నడచును. కాని ఆ వేళకు సగము ఇండ్లలో మగ్గపు చప్పుడు వినబడదు. ఒక ఇంట యజమాని ముఖము కడుగుకొని అరుగు మీద కూర్చుండి యుండును. లోపల ఇల్లాలు ఒక కంట పొయ్యిని చూచుకొనుచు, ఒక చేత రాట్నము త్రిప్పుచు ఆ దినపు మొదటి కండె చుట్టుచుండును. మరియొక ఇంట రాత్రి తెగిన పోగులను తెల్లవారిన తరువాత వెదకుచుందురు. ఇంకొక ఇంట పేక అయిపోయిన సంగతి అప్పుడే తెలిసి, ఆయన సంఘపు ఆఫీసుకు బయలుదేరి యుండును. ఆఫీసు తలుపు అప్పటికి తెరువరు. ఈ ఇండ్లలో మగ్గము మ్రోగునప్పటికి ఎనిమిదిన్నర దాటును.

ఈ నష్టము ఏ పద్దులోను కనబడదు. మనకు కూలి చీరకు ఇంత అని ఇత్తురు గాని గంటకు ఇంత అని ఇయ్యరు గదా. కావున పోయిన గంటను అడుగువాడు లేడు, అది నేతగాని సంచిలో నుండి చడిచప్పుడు లేకుండ జారిపోవును. ఒకసారి లెక్క వేసి చూతము. దినమునకు గంటన్నర చొప్పున, నెలకు 24 పని దినములలో 36 గంటలు పోవును. దినమునకు 8 గంటల నేత అనుకొన్నచో అది నాలుగున్నర దినముల పని. రెండు దినములకు ఒక నూలు చీర దిగు మగ్గము మీద నెలకు రెండు చీరల కూలి అరుగు మీద కూర్చుండి పోగొట్టుకొన్నట్లే. కూలి రేటు పెంచుడని మనము ఎంతకాలముగా అడుగుచున్నాము? ఈ రెండు చీరల కూలికి ఎవరిని అడుగవలసిన పని లేదు.

పేక విషయములో కూడ లెక్క చూచుకొనుట మంచిది. 6 గజముల చీర, 48 అంగుళముల పన్నా, అంగుళమునకు 60 పేకపోగులు అనుకొందము. అంచు మలుపు, ముడుచుకొనుట కలిపి ఒక్కొక్క పోగు 50 అంగుళములు పట్టును. అట్లయిన చీరకు కావలసిన పేక 18,000 గజములు. నూలు చిలప ఒకటికి 840 గజములు గావున అది ఇరువదియొక్క చిలపల పైచిలుకు. రెండు దినముల పని గనుక దినమునకు 9,000 గజములు. ఒక కండెకు రెండు వందల గజములు పట్టునని పెట్టుకొన్నను దినమునకు 45 కండెలు కావలెను. ఈ 45 కండెలను నాడె ఆడుచుండగా ఒక్కటొక్కటిగా చుట్టి అందించుట ఒక పద్ధతి. మధ్యాహ్నము వరకు చాలునన్ని ముందునాటి రాత్రికే చుట్టి తడిగుడ్డలో బెట్టి ఉంచుకొనుట మరియొక పద్ధతి. మొదటి పద్ధతిలో మగ్గము రాట్నము కొరకు కాచుకొనును. రెండవ పద్ధతిలో రాట్నమే మగ్గమునకు ముందు నడచును.

ఈ ఇబ్బంది క్రొత్తది గాదు. ఇంగ్లండులో జాన్ కే అను నతడు 1733లో త్రాడు లాగిన పరుగెత్తు నాడెను కనిపెట్టినపుడు అక్కడి నేతగాండ్రకు నూలు వడికి ఇచ్చు చేతులు చాలక పోయినవి. ఆ నాడెయే తరువాత మన మగ్గములకును వచ్చినది. నేత వడి పెరిగినది. కాని కండె చుట్టు చేయి మాత్రము మన ఇండ్లలో ఒక్కటే మిగిలినది. ఆ చేయి ఎవరిదో అందరికిని తెలియును.

మా సంఘమునకు చెందిన ఒక పెద్దమ్మ మాతో అన్న మాట ఇక్కడ వ్రాయక తప్పదు. "అయ్యా, ఆయన మగ్గం దిగితే ఆయన పని అయిపోయింది. ఆయన దిగిన తరువాతనే నాకు పని మొదలు" అని ఆమె నవ్వుచునే అన్నది. మాకు నవ్వు రాలేదు. 2019-20లో జరిగిన నాల్గవ చేనేత గణనలో ఈ దేశపు చేనేత పనివారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలే అని తేలినది. అయినను మన సంఘముల పుస్తకములలో చాలచోట్ల సభ్యత్వము పురుషుని పేరనే ఉన్నది, చీర కూలి కూడ ఆయన చేతికే పోవుచున్నది. కండె చుట్టినందుకు, చిలప విప్పినందుకు, పోగు అతికినందుకు వేరుగా కూలి వ్రాయు గడి మా పుస్తకములోను లేదు. సాయంకాలపు ఏర్పాటు అని మేము చెప్పునది ఆ ఇల్లాలి నెత్తిన మరియొక గంట పని వేయుట కొరకు గాదు. అట్లు అర్థము చేసికొన్నవారు ఈ వ్యాసమును చదువకున్నను నష్టము లేదు.

మరి మేము చెప్పునది ఏమి? నేత అరగంట ముందుగా ఆపుడని చెప్పుచున్నాము. ఇది వినగానే కొందరు, "దినమంతయు గుంటలో కూర్చుండి నడుము విరిగినది, కండ్లు మండుచున్నవి, మరల పనియా?" అందురు. వారి మాటలో న్యాయమున్నది. అందుచేతనే క్రొత్త పని చేర్చుడని అనుట లేదు, ఉన్న పనిని దాని వేళకు మార్చుడని అనుచున్నాము. చీకటి పడినపుడు అలసిన కంటితో నేసిన ఆ చివరి జానెడు గుడ్డలోనే పోగులు తప్పును, దెబ్బ ఎక్కువ తక్కువలగును, రంగు పేక మారిపోవును. సరకు పరీక్ష చేయు బల్ల దగ్గర మేము చూచు దోషములలో అనేకము ఆ జానెడులోనివే. కూలిలో కోత పడునదియు దానికే. కావున ఆ అరగంట నేత మానినచో నష్టమేమియు లేదు.

ఆ అరగంటలో చేయవలసిన పనులను వరుసగా చెప్పుచున్నాము. తెగిన పోగులను వెలుతురుండగానే అతికి, అచ్చులో తప్పిన పోగు ఉన్నదేమో చూచుకొని మగ్గము దిగవలెను. మనము పడుగు అన్నదానిని తమిళనాట ఇరుగుపొరుగువారు పావు అందురు. మాట ఏదైనను తెగిన పోగు మరునాటికి తనంతట తాను అతుకుకొనదు. జకార్డు మగ్గమైనచో ఏ అట్ట దగ్గర ఆపితిమో సుద్దతో గోడ మీద వ్రాసికొనవలెను. పడుగు బిగువును కొంచెము సడలించి మీద శుభ్రమైన గుడ్డ కప్పవలెను. గంజి పట్టిన నూలునకు ఎలుకలును బొద్దింకలును వచ్చును. వానకాలమున ఇంటి పెంకు సందు నుండి కారు ఒక్క చుక్క చాలును, పడుగు మీద మరక పడుటకు. తరువాత గుంట ఊడ్చి, తొక్కుడు కర్రల త్రాళ్ళు నలిగినవేమో తడవి చూడవలెను. గుంటలో తేలు ఉన్నదో లేదో దీపముండగా చూచుకొనుట ఉత్తమము గాని, తెల్లవారి కాలు పెట్టి తెలిసికొనుట గాదు. మరునాడు వీధిలో పడుగు సరిచేయవలసియున్నచో గంజి బియ్యము, కుంచె, త్రాళ్ళు, సాయమునకు వచ్చు నలుగురికి కబురు, ఇవన్నియు రాత్రికే ముగియవలెను. ఎండ ముదిరిన తరువాత పట్టించిన గంజి దువ్వకముందే బిరుసెక్కును.

ఇక కండెలు. మగ్గము దిగిన పురుషుడు కాళ్ళు కడుగుకొని రాట్నము దగ్గర కూర్చుండవలెను. ఇందులో చిన్నతనము ఏమియు లేదు. నాడె పట్టిన చేయి రాట్నము పట్టినచో అరిగిపోదు. ఆయన పది కండెలు చుట్టులోపల ఆమె వంట ముగించును. తరువాత ఇద్దరును కలిసి మిగిలినవి చుట్టినచో మధ్యాహ్నము వరకు చాలు పేక తొమ్మిది గంటలకే సిద్ధమగును. చిలప పెట్టెలో రెండు దినములకు చాలునంత నూలు లేనిచో ఆ సంగతి ఆ సాయంకాలమే తెలియును. నేసిన గజములు పాసుపుస్తకములో వ్రాసికొని పండుకొనవచ్చును.

పిల్లలను మాత్రము ఇందులోనికి లాగవద్దు. సాయంకాలపు దీపము క్రింద వారికి వేరే పని కలదు. మనలో ఎందరము కండెలు చుట్టుచు పాఠము మరచినవారమో లెక్క తీసిన ఈ పత్రిక చాలదు. తమిళనాటనో కన్నడ దేశముననో ఒరియా నాటనో ఉన్న మన పిల్లలు బడిలో ఒక భాష, ఇంటిలో ఒక భాష నేర్చుకొనవలసినవారు. వారికి ఆ గంట తక్కిన పిల్లలకంటె ఎక్కువ అవసరము.

ఇప్పుడు మన ఇండ్లలో కిరసనాయిలు బుడ్డి లేదు, విద్యుద్దీపమున్నది. దానితోబాటు టీవీయును చేతిలో సెల్ ఫోనును ఉన్నవి. వాటిని మానుమని మేము చెప్పము, చెప్పినను వినువారు లేరు. కాని రాట్నము త్రిప్పుచు పాట వినవచ్చును గదా! సెల్ ఫోను పట్టుకొని మాత్రము కండె చుట్టుట సాధ్యము గాదు. ముందు కండెలు, తరువాత బొమ్మలు అని నియమము పెట్టుకొన్నచో చాలును. షోలాపురము, భివండీలలో మరమగ్గములకు మారిన మన సోదరులకు షిఫ్టు వేళ యజమాని నిర్ణయించును. చేమగ్గము వానికి ఆ వేళ నిర్ణయించువాడు తానే. అది మన వృత్తిలో మిగిలిన స్వేచ్ఛ. దానిని అరుగు మీద వృథా చేయరాదు.

ఇంతవరకు నేతగానికి చెప్పినాము. ఇక మా సంగతి. ఈ మాటలనే మేము ఒక సాయంకాలము మా ఆఫీసు వసారాలో చెప్పుచుండగా వయోవృద్ధులైన ఒక సభ్యులు లేచి, "కార్యదర్శిగారూ, ముందునాడే సర్దుకొమ్మని మాకు చెబుతున్నారు, బాగుంది. పడుగు పోయిన వారం ఇచ్చారు, పేక నేడు ఇచ్చారు, జరీ రేపు రమ్మంటున్నారు. మీ తాళం పదిన్నరకు గాని తీయరు. మేమేమి సర్దుకోవాలి, ఖాళీ రాట్నమా?" అని అడిగిరి. సభ నవ్వినది. మేము తలవంచుకొన్నాము. ఆయన చెప్పినది అక్షరాల నిజము. నేతగాడు పోగొట్టుకొను గంటన్నరలో సగము మా తాళపుచెవి దగ్గరనే పోవుచున్నది.

కావున మా సంఘములో ఒక మార్పు చేసినాము. నూలు ఇచ్చు వేళను ప్రొద్దున నుండి సాయంకాలము 4 గంటలు మొదలు 6 గంటల వరకు మార్చినాము. పడుగుతోబాటు పేకయును జరీయును ఒక్కమారే తూచి ఇచ్చుచున్నాము. ఒకటి లేనిచో అది లేదని ముందుగానే చెప్పుచున్నాము. గుమాస్తాకు మొదట కష్టముగా నుండెను, ఇప్పుడు అలవాటైనది. కండె చుట్టు పనికి కూలిలో వేరుగా ఒక గడి పెట్టి, దానిని ఇంటి స్త్రీ పేరనే వ్రాయవలెనని రాబోవు సర్వసభ్య సమావేశములో ప్రతిపాదింపనున్నాము. దీనికి ఒప్పుకొననివారు ఉందురని తెలియును. వారి వాదమును వినుటకు సిద్ధముగా ఉన్నాము. సేలము, కంచి, బరంపురము, యానాము, బెంగుళూరు మొదలగు చోట్లనున్న మన సంఘముల కార్యదర్శులు కూడ తమ తాళపుచెవి ఏ వేళకు తిరుగుచున్నదో ఒకసారి చూచుకొనవలెనని మనవి.

సాయంకాలము సర్దుకొన్నంత మాత్రమున చేనేత కష్టములన్నియు తీరునని మేము చెప్పబోము. 1985లో చేసిన చట్టము క్రింద తొలుత 22 రకముల వస్త్రములు చేమగ్గమునకే ప్రత్యేకింపబడినవి, నేడు మిగిలినవి 11. అవియైనను మరమగ్గము మీద దిగుటలేదా? ఆ పోరాటము వేరు, దానిని విడువరాదు. కాని పోరాడుటకు మనిషికి సత్తువ ఉండవలెను. తెల్లవారగానే అప్పు పడిన పనితో లేచువాడు ఆ దినమంతయు పని వెంట పరుగెత్తును. సిద్ధమైన మగ్గము ముందర లేచువాని వెంట పని నడచివచ్చును.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవలెనని పెద్దలన్నారు. మన ఇంటిలో మగ్గమే సగము ఇల్లు గదా. రేపటి దినము గాదు, ఈ రాత్రియే మొదలుపెట్టుడు. పది కండెలు చాలును. ఏడు గంటలకు మేము మీ వీధిన వచ్చినపుడు మీ మగ్గపు చప్పుడు వినబడవలెనని మా కోరిక. మా ఆఫీసు తలుపు వేళకు తెరువనిచో మమ్ము అడుగుటకు మీకు సంపూర్ణమైన హక్కు కలదు.