జెడ్‌ను జెడ్‌గానే ఉండనిద్దాం

చేవెళ్ల బస్టాండు దగ్గర దరఖాస్తులు నింపే పని నాది. మొయినాబాద్ వైపు నుంచి ఫోన్లోనే పేర్ల స్పెల్లింగులు చెబుతుంటారు: జరీనా, జాఫర్, నవాజ్. పెద్దవాళ్లు ‘జెడ్’ అనో ‘ఇజెడ్’ అనో అంటారు, రాసేసుకుంటాను. పిల్లలు ఫోనందుకుంటే మాత్రం ‘జీ’ అంటారు. బీ, సీ, డీలతో ప్రాస కలిసే అమెరికా అక్షరాల పాట యూట్యూబులో విని నేర్చిందది. మన నోట్లో జీ అంటే గణేశ్ పేరులో మొదటి అక్షరమే. జరీనా కాస్తా గరీనా అయి కార్డు మీద అచ్చయితే, దిద్దించడానికి వాళ్లమ్మ కూలి మానుకుని తిరగాలి.

పిల్లల్ని కసరడం దండగ. కెనడాలోనూ ఇదే కథ. పెద్దలది బ్రిటిష్‌వాళ్లలా జెడ్, పిల్లలకు పక్కదేశపు టీవీ నేర్పేది జీ. టొరంటో భాషావేత్త జాక్ చాంబర్స్ పరిశీలనలో, జీ అన్న పిల్లలు చాలామంది పెరిగాక జెడ్‌కే మారారు.

మనకు అంతకాలం ఆగే వీలు లేదు. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక జెడ్పీ స్కూలు, జెడ్పీటీసీ అనే మాటలు బడి మొహం చూడని అవ్వల నోళ్లలోనూ నానాయి. జీపీ అంటే గ్రామపంచాయతీ, జెడ్పీ అంటే జిల్లా పరిషత్తు. రెండూ జీపీలే అయితే ఏ ఆఫీసుకు పోవాలి? ఒకటో తరగతిలోనే టీచర్లు జెడ్ అనిపించాలి. ఫోన్లో చెప్పేటప్పుడు ‘జీబ్రాలో జెడ్’ అనడం కూడా అప్పుడే నేర్పాలి.