తల్లిపిల్లికి తావు

బెంగుళూరునుండి పిల్లికూనను తెచ్చుకొనవలెనని తలంచు మన మిట్టేమరి ప్రాంతపు కుటుంబములవారికి మాదొక మనవి కలదు. కూనను గాక, దాని తల్లిని అడుగుడు.

ఆ నగరమున 1991లో వెలసిన క్యూపా వంటి జంతుసంరక్షణ సంస్థలు గలవు. వీధిలో ఈనిన పిల్లులను కూనలతోసహా తమ యిండ్లలో కొంతకాలముంచి సాకు గృహస్థులును గలరు. కూనలు పాలు మాని ఎనిమిది వారములు దాటగనే అడుగువారు వత్తురు. కూనలు ఒక్కొక్కటిగ వెడలిపోవును, తల్లి మిగులును. ఈనినదన్న మాత్రమున దానిని ముసలిదిగ నెంచుట అన్యాయము. పిల్లి ఐదారు నెలలకే చూలు దాల్చగలదు. రెండు కాన్పులైన తల్లికి రెండేండ్లైనను నిండకపోవచ్చును. ఇంటిపట్టున నున్న పిల్లి పదునైదేండ్లు బ్రతుకుటయు కలదు. పైగా కూన గుణము పెరిగినగాని తెలియదు. తల్లి సాధువో కాదో, పసిపిల్లలు తాకిన గోరు చాపునో లేదో సాకినవారే చెప్పగలరు.

మన పల్లెలలో తల్లిపిల్లికి జరుగు మర్యాద అందరెరిగినదే. రాగిమూటలను, సెనగకాయలను ఎలుకల బారినుండి కాచినన్నాళ్లు అది ఇంటిది. మరల మరల ఈనుచుండగా గోనెసంచిలో కట్టి పొలిమేర దాటింతురు. పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని నవ్వుకొందుము గాని, నిలుకడగా ఒక్క యిల్లైనను దానికి మనమిచ్చితిమా? ఇట్లు విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. కాన్పులాగు శస్త్రచికిత్స ఒక్కసారి చేయించిన ఈ బెడద తీరును. పాలిచ్చుచుండగనే పిల్లి తిరిగి చూలు దాల్చగలదు గావున, కూనలు పాలు మానిన పిదప జాగు చేయరాదు. కడుపు కోయించుట పాపము కాదా యను పెద్దలను మేమొకటి అడుగుదుము: గోనెసంచి పుణ్యమా?

తెచ్చుకొనువారు శస్త్రచికిత్స అయినదా, రేబిస్ టీకా పడినదా యని సాకినవారిని విచారింపవలెను. ఇల్లు చేరిన పిదప రెండు మూడు వారములు పిల్లిని వెలుపలికి విడువరాదు. విడిచినచో పాత చోటు వెదకికొనుచు పోయి దారి తప్పును. ఎలుకలమందు పెట్టు ఇంటికి పిల్లిని తేవలదు. మందు తిన్న ఎలుకను తిని అదియు చావవచ్చును. పాలన్నముతో సరిపెట్టుదమనువారును ముందే యోచించుకొనవలెను. పిల్లికి మాంసాహారము తప్పదు. ఇక, అచ్చట 'బెక్కు' అని పిలువబడిన పిల్లి మన తెలుగు పిలుపునకు పలుకునా యను శంక వలదు. గిన్నె చప్పుడైన చాలును, వచ్చును.