గాలిని కూడా లెక్కలో వేయండి

రసాయన సమీకరణాల పాఠం చెప్పేటప్పుడు మన బళ్లలో మెగ్నీషియం తీగ కాల్చి చూపిస్తారు. మంచిదే. కళ్లు చెదిరే వెలుగు, తర్వాత తెల్లటి బూడిద. క్రియాజనకాలు ఇవీ, క్రియాజన్యం ఇదీ అని పిల్లలు రాసుకుంటారు. అయితే కావలి నుంచి కృష్ణపట్నం దాకా మన తీరంలోని ఊళ్లకు ఈ పాఠం ఇంటి ముంగిట్లోనే ఉంది.

ముందు ఉప్పు సంగతి. ఇస్కపల్లి మడుల్లో జరిగేది భౌతిక మార్పే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, అందులో ముప్పాతికకు పైగా మనం తినే ఉప్పే. ఎండకు నీరు ఆవిరై పోతుంది, ఉప్పు తేలుతుంది. కొత్త పదార్థమేదీ పుట్టలేదు. అందుకే ఇక్కడ క్రియాజనకం ఏదని అడిగితే ప్రశ్నే తప్పు.

గుల్ల సున్నం అలా కాదు. పులికాట్ ఒడ్డున దొరికే గుల్లలు దాదాపు పూర్తిగా కాల్షియం కార్బొనేట్. బట్టీలో 900 డిగ్రీల వేడికి అవి పొడిసున్నంగా మారతాయి. శుద్ధమైన గుల్ల 100 కిలోలు వేస్తే చేతికొచ్చే సున్నం 56 కిలోలే. మిగిలిన 44 కిలోలు ఎటు పోయినట్టు? కార్బన్ డయాక్సైడై గాల్లో కలిసిపోయింది. బట్టీ దగ్గర నిలబడ్డవాడికి అది కనపడదు, వాసన కూడా రాదు. పరీక్షలో పిల్లలు వదిలేసేదీ దాన్నే. ఆ సున్నంలో నీళ్లు పోస్తే సలసల కాగి తడిసున్నమవుతుంది. గోడకు పూశాక నెమ్మదిగా గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. బట్టీలో వదిలిన వాయువునే గోడ మీద తిరిగి తీసుకుంటుందన్నమాట. ఇంత చక్కటి ఉదాహరణ ఏ ప్రయోగశాల ఇస్తుంది?

కనపడని పదార్థాన్ని లెక్కలో వేయకపోతే బళ్లో పోయేది ఒక్క మార్కు. రొయ్యల గుంట దగ్గర పంటే పోతుంది. పగలు నీళ్లలోని నాచు ఎండ సాయంతో కార్బన్ డయాక్సైడ్‌నూ నీటినీ వాడుకుని ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. నాచు, రొయ్య, అడుగున కుళ్లే మేత అన్నీ ఆక్సిజన్‌ను తీసుకుని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతూనే ఉంటాయి. తెల్లవారుజామున నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) అడుగంటుతుంది, రొయ్య పైకి తేలుతుంది. ఏరియేటర్లు ఆ వేళ తిరగాల్సిందే. కరెంటు పోతే జనరేటర్ సిద్ధంగా లేని రైతు గుండె ఎలా కొట్టుకుంటుందో విడవలూరు, ఇందుకూరుపేట వైపు ఎవరినడిగినా చెబుతారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. రొయ్యల గుంటల్లో చల్లేదాన్ని సున్నం అని ఒకే పేరుతో పిలిచినా గుల్ల పొడి వేరు, పొడిసున్నం వేరు. మొదటిది నెమ్మదిగా పనిచేస్తుంది, పీహెచ్‌ను మరీ పెంచదు. రెండోది ఒక్కసారిగా ఎగదోస్తుంది. ఖాళీ గుంటను ఎండగట్టి అడుగు శుద్ధి చేయడానికి అది పనికొస్తుంది. రొయ్య ఉన్న నీళ్లలో మోతాదు మించి చల్లితే, ఉన్న అమ్మోనియాలో ఎక్కువ భాగం విషపు రూపంలోకి మారుతుంది. బస్తా మీద పేరు చదివి, అది దేనితో కలిసి ఏమవుతుందో తెలుసుకుని చల్లే రైతు నష్టపోడు. ఈ చదువు పదో తరగతిలోనే చెప్పి ఉండాల్సింది.

ఈ పాఠం మన ఆకాశంలోనూ కనిపిస్తుంది. శ్రీహరికోటలోని షార్‌లో రాకెట్ లేస్తే మనవాళ్లు మేడలెక్కి చూస్తారు. 2023 జులై 14న చంద్రయాన్-3 వెళ్లినప్పుడు కింద కమ్మిన తెల్లటి పొగలో ఎక్కువ భాగం అల్యూమినియం ఆక్సైడ్. పైన క్రయోజెనిక్ దశలో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి మండితే వచ్చింది నీటి ఆవిరి.

మాస్టార్లూ, టీచరమ్మలూ, ఒక్క పని చేయండి. సీసాలో కాస్త వెనిగర్ పోసి, బెలూన్‌లో గుల్ల పొడి నింపి మూతికి బిగించి, పొడిని లోపలికి వంచండి. సీసా బుసబుస పొంగుతుంది, బెలూన్ ఉబ్బుతుంది. అందులో నిండినదేమిటో మీరు చెప్పకండి, పిల్లల్నే చెప్పనివ్వండి.